స్నానాల తొట్టిలో అడవి దొండ

డాగ్మర్ తోటలో ఒక స్నానాల తొట్టి ఉంది కానీ, అందులో ఎవరూ స్నానం చేయరు. ఎవరో ఇల్లు బాగుచేయించుకుంటూ వీధిలో పడేసిన పాత ఇనప తొట్టి అది. డాగ్మర్ దాన్ని నేలలోకి పాతింది. అంచు మాత్రం జానెడు పైకి ఉంచింది. నీళ్లు పోయే కన్నానికి రాగి తీగల జల్లెడ బిగించి, గులకరాళ్లు పరిచి, పైన మట్టి పోసింది. ఆ మట్టిలో ఉన్నది మంచూరియా అడవి దొండ.

ఆ తీగకి డేనిష్ ఊరు ఓడెన్సె చలి ఒక లెక్కలోది కాదు. మొదటి మంచుకి పైనున్నదంతా మాడిపోతుంది, కింద దుంపలు గడ్డి కప్పుకుని హాయిగా నిద్రపోతాయి. మే నెలాఖరుకి లేచాయంటే ఇక రోజుకి జానెడు చొప్పున పాకుతాయి. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే దారిలో, నిమిషాల లెక్కన బస్సు నడిపిన డాగ్మర్‌కి, ఏ టైం టేబులూ పట్టని ఈ తీగంటే ప్రాణం. దానిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. డాగ్మర్ దగ్గరున్నది ఆడది ఒక్కటే. పసుప్పచ్చటి పూలు పూస్తుంది, కాయ కట్టదు, గింజ రాల్చదు.

"మొగుడి గొడవ లేదు, పిల్లల గొడవ లేదు. అచ్చం నాలాగే," అనేది వచ్చిన వాళ్లతో.

భయమల్లా వేళ్లతోనే. వాటికి ఉన్నచోట ఉండే గుణం లేదు. అందుకే ప్రతి శనివారం తొట్టి అంచు చుట్టూ వేలు పెట్టి తడిమి, బయటికి మెడ చాచిన వేరునల్లా కత్తిరించేది. ప్రతి ఏప్రిల్‌లో మట్టి తోడి, ఎక్కువైన దుంపల్ని ఏరి, పాత గిన్నెలో ఉడకబెట్టి చంపాకే ఎరువు కుప్పలో వేసేది. పచ్చి దుంప ఒక్కటి కుప్పలో పడిందంటే మరుసటేడు కుప్పే లేచి నడుస్తుందని ఆమెకు బాగా తెలుసు.

సభ్యులకు తోటలు అద్దెకిచ్చే సంఘానికీ తెలుసు. కిందటి శరదృతువు సమావేశంలో ఈ తీగ మీద నలభై నిమిషాలు వాదన జరిగింది. చివరికి కార్యదర్శి వాల్బోర్గ్ పుస్తకంలో రాసింది: డాగ్మర్ తీగను ఉంచుకోవచ్చు, కానీ ఒక్క వేరు తొట్టి బయట కనిపించినా అది మూడో హెచ్చరిక. మొదటి హెచ్చరిక కంచె పొదలు పన్నెండు సెంటీమీటర్లు ఎక్కువ పెరిగినందుకు వచ్చింది. రెండోది, తోటలో ఎగరేసిన జెండాని నిబంధన ప్రకారం పొద్దుగుంకేలోపు దించకుండా కుర్చీలో గురక పెట్టినందుకు. మూడోది వస్తే తోట పోతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా దున్నుకున్న తోట, తన చేత్తో నీలం రంగు వేసుకున్న రెండు కిటికీల గుడిసె, అన్నీ పోతాయి. ఊళ్లో ఆమెకు మూడో అంతస్తులో ఒక ఫ్లాటు ఉంది. దాని కిటికీలోంచి కార్లు ఆపే చోటు తప్ప ఏమీ కనపడదు. తోట లేకపోతే పొద్దున్నే ఎందుకు లేవాలో కూడా డాగ్మర్‌కి తెలియదు.

ఆ నలభై నిమిషాలూ వాదించినవాడు అధ్యక్షుడు టోర్కిల్. అతని తోట కంచెకి అవతలే. భూములు కొలిచే ఉద్యోగం చేసి దిగిపోయాడు. ఉద్యోగం పోయినా కొలత పోలేదు. ఉల్లి నారు నాటినా దారం కట్టి నాటుతాడు. అతని గుండెలో ఒకటే ముల్లు. ప్రతి ఏడాదీ వేసవిలో ఎవరి తోటలోంచి తొలి కొత్త బంగాళాదుంపలు వాల్బోర్గ్ బల్ల మీదికి వస్తాయో, వాళ్ల పేరు సంఘం గుడిసెలోని చెక్క పలక మీద చెక్కుతారు. నాలుగేళ్లుగా డాగ్మర్ పేరే చెక్కుతున్నారు. నాలుగేళ్లుగా టోర్కిల్ రెండోవాడు. రెండోవాడి పేరు పలక మీద చెక్కరు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం డాగ్మర్ తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని దుంపలు ఏరి బకెట్లో వేస్తోంది. కంచె మీదుగా టోర్కిల్ టోపీ, ఆ వెనకే టోర్కిల్ తల పైకి వచ్చాయి.

"ఏం దుంపలవి?"

అవి చూడ్డానికి చిన్నచిన్న బంగాళాదుంపల్లాగే ఉంటాయి. టోర్కిల్ తీగను చూశాడు కానీ దాని దుంపల్ని ఎప్పుడూ చూడలేదు. డాగ్మర్ మోచేతుల దాకా బురద. పైగా కంచె గురించి అతను పంపిన చీటీ అప్పటికి మూడు రోజులుగా ఆమె జేబులో నలుగుతోంది.

"బంగాళాదుంపలు," అంది తల ఎత్తకుండా.

"తొట్టి పక్కనా?"

"వెచ్చగా ఉంటుందని పెట్టా. వీటికి తొందరెక్కువ. మీ అందరివీ పూత కూడా వేయకముందే ఇవి పళ్లెంలోకొచ్చేస్తాయ్."

"ఏ రకం?"

"రకం పేరు నీకు చెప్పి, నేను రెండోదాన్నవ్వాలా?"

టోపీ కిందికి దిగింది. డాగ్మర్ తనలో తాను నవ్వుకుంటూ గుడిసెలోకి వెళ్లి, దుంపలు ఉడకబెట్టడానికి నీళ్లు పొయ్యి మీద పెట్టి, అదే పొయ్యి మీద కాఫీ కాచుకుని తాగి వచ్చింది. లోపలికి వెళ్లేముందు బకెట్లో నలభై మూడు దుంపలున్నాయి. ప్రతి దుంపనీ లెక్కపెట్టడం ఆమె అలవాటు. తిరిగి వచ్చేసరికి ముప్పై ఒకటే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టింది. కాకులు ఎత్తుకుపోతే ఒకటో రెండో పోవాలి కానీ, సరిగ్గా డజను పోవు.

మర్నాడు కంచె సందులోంచి చూస్తే టోర్కిల్ దారం కట్టి, బోదె తోలి, దాని మీద పల్చటి తెల్లగుడ్డ కప్పుతున్నాడు. పెళ్లికూతురికి ముసుగు వేస్తున్నంత సుతారంగా వేస్తున్నాడు. డాగ్మర్ గిన్నెలు తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

నవ్వయ్యాక భయం వేసింది. ఆ దుంపలు ఏం చేస్తాయో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చెప్పేద్దామనే కంచె దగ్గరికి వెళ్లింది.

"టోర్కిల్, నువ్వు నాటినవి ఉన్నాయే..."

"నీ కంచె మళ్లీ రెండు సెంటీమీటర్లు పెరిగింది డాగ్మర్. చూసుకుంటున్నావా లేదా? నేను చెప్తే చేదుగా ఉంటుంది నీకు. రేపు వాల్బోర్గ్ కొలకర్రతో వచ్చినప్పుడు ఏడుస్తావ్."

డాగ్మర్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది.

"ఏం లేదులే. వాటికి నీళ్లు బాగా పొయ్యమని చెప్దామని వచ్చా," అంది.

ఆ మే నెలంత సంబరంగా ఆమెకు ఏ మే నెలా గడవలేదు. టోర్కిల్ రోజూ తెల్లగుడ్డ ఎత్తి చూడడం, దించడం. చేప ఎరువు వేయడం. బోదెకి మట్టి ఎగదోయడం. అందరి దుంపమొక్కలూ మోకాలెత్తు లేచినా అతని బోదె బోడిగుండులా ఉంది. "తొందరెక్కువ అన్నావు కదా," అని ఒకసారి నోరు జారబోయి, దగ్గుతో సర్దుకున్నాడు. డాగ్మర్ వెనక్కి తిరిగి ఉల్లినారుకి నీళ్లు పోసింది. పోసిన చోటే మూడుసార్లు పోసింది.

మే ఆఖరి వారంలో బోదె మీద ఆకులు లేచాయి. తమలపాకు ఆకారం, ఒంటి నిండా నూగు. ముప్పై ఏళ్లుగా దుంపలు పండిస్తున్న డేనిష్ వాడు ఆ ఆకును చూసి బంగాళాదుంప ఆకనుకునే ప్రశ్నే లేదు. టోర్కిల్ బోదె పక్కన చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కంచె మీదుగా స్నానాల తొట్టి వైపు చూశాడు. ఆ తర్వాత పీకడం మొదలుపెట్టాడు. పీకితే తీగ తెగింది, వేరు మిగిలింది. పారతో వేళ్లు నరికితే ఆ ముక్కలు కూడా మొలిచాయి. జూన్ రెండో వారానికి అవి అతని చిక్కుడు పందిరెక్కి, పనిముట్ల కొట్టం ఎక్కి, జెండా కర్రను సగం దాకా చుట్టుకున్నాయి. తొట్టిలో బుద్ధిగా ఉండే తీగ బయట నేలలో ఏం చేయగలదో డాగ్మర్ కూడా మొదటిసారి చూస్తోంది. చూస్తూ ఆనందిస్తోంది కూడా.

ఆ ఆనందం మీద ఒక సోమవారం ఉత్తరం వచ్చి పడింది. డాగ్మర్ తీగ వేళ్లు కంచె కిందుగా పొరుగు తోటలోకి చొచ్చుకొచ్చాయనీ, మూడో హెచ్చరిక నిమిత్తం శనివారం కార్యదర్శి వచ్చి పరిశీలిస్తుందనీ అందులో ఉంది. కింద అధ్యక్షుడి సంతకం, గీత గీసినట్టు తిన్నగా ఉంది.

డాగ్మర్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి గుడిసె మెట్టు మీద కూలబడింది. అతను దొంగ అని చెప్పాలంటే, ఆ సంగతి తనకు ఏప్రిల్‌లోనే తెలుసని కూడా చెప్పాలి. తెలిసి రెండు నెలలు కంచె వెనక నవ్వుకుంటూ కూర్చున్నదాన్ని సంఘం ముద్దు పెట్టుకుంటుందా? నీలం కిటికీల వైపు చూసింది. ఇంత చిన్న సరదాకి ఇంత పెద్ద గొయ్యి తవ్వుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

శనివారం వాల్బోర్గ్ వచ్చింది. ఆమెకు ఎనభై రెండేళ్లు. నలభై ఎనిమిదేళ్లుగా తోట ఉంది, ఇంతవరకు ఒక్క హెచ్చరిక లేదు. సంఘంలో అలాంటి మనిషి ఆమె ఒక్కతే. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కంచెలు కొలిచే గీతల కర్ర.

"కంచె కింద తవ్వండి," అంది.

డాగ్మరే తవ్వింది. మోకాలి లోతు కందకం తీసింది. వానపాములు వచ్చాయి, పగిలిన పింగాణీ ముక్క ఒకటి వచ్చింది. వేరన్నది మాత్రం దారప్పోగంత కూడా రాలేదు.

"ఇంకా లోతునుంచి పోయుంటాయి," అన్నాడు టోర్కిల్.

"ఎంత లోతు?"

"మీటరు... మీటరున్నర."

"మీటరున్నర దిగి, నీ కంచె దాటి, మళ్లీ మీటరున్నర ఎక్కి వచ్చాయన్నమాట. పాపం, ఎంత కష్టపడ్డాయో," అని వాల్బోర్గ్ టోర్కిల్ తోటలోకి నడిచింది. తీగల్ని కర్రతో పక్కకి తోస్తూ అవి నేలలోంచి లేచిన చోటు వెతికింది. దొరికింది. తోలిన బోదె దొరికింది. దాని మీద వరసగా మొదళ్లు.

ఆమె వంగి, మొదటి మొదలు నుంచి రెండోదానికి కర్ర పెట్టింది. "ముప్పై మూడు," అంది. రెండోదాన్నుంచి మూడోదానికి. "ముప్పై మూడు." మూడోదాన్నుంచి నాలుగోదానికి. "ముప్పై మూడు." నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడింది.

"టోర్కిల్, ఈ అడవి తీగ టేపు పట్టుకుని తిరుగుతోందా?"

టోర్కిల్ మెడ ఎర్రబడింది. "అది దుంపల బోదె. దుంపల కోసం తోలా."

"ఏ దుంపలు?"

"బంగాళా..."

"ఏవీ మరి?"

టోర్కిల్ డాగ్మర్ వైపు వేలు చూపించాడు. "అది చెప్పింది! బంగాళాదుంపలని నాతో అదే చెప్పింది! తొందర రకమని చెప్పింది!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తట్టలేదు. నోరు అలాగే తెరిచి ఉంది. డాగ్మర్‌కి నవ్వాగలేదు. ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు సగంలో ఉండగా వాల్బోర్గ్ ఆమె వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

నవ్వు ఆగిపోయింది. "ఏప్రిల్‌లో."

"చెప్పలేదేం?"

"చెప్దామనే వెళ్లా. అతను నా కంచె గురించి మొదలెట్టాడు."

"రెండు నెల్ల పాటూ కంచె గురించే మాట్లాడాడా?"

వాల్బోర్గ్ పుస్తకం తెరిచి, మళ్లీ మూసింది.

"దొంగతనం మాట మన నిబంధనల్లో లేదు. మొక్క తొట్టి దాటిన మాట ఉంది. ఎన్ని పోయాయి?"

"పన్నెండు."

"ఇద్దరూ కలిసి తవ్వండి. పన్నెండు తల్లిదుంపలూ, వాటి పిల్లలతో సహా, జూన్ ఇరవై మూడున, సాంక్ట్ హాన్స్ పండగ మంట రోజున, నా బల్ల మీద ఉండాలి. ఒక్కటి తగ్గినా మూడో హెచ్చరిక నా చేత్తో రాస్తాను. నువ్వు అధ్యక్షుడివి, ఈ సంగతి తేలేదాకా దేని మీదా సంతకం పెట్టకు."

అలా ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చుని మట్టి జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. మొదటి రోజు మాటల్లేవు. రెండో రోజు టోర్కిల్, "నీళ్లు బాగా పొయ్యమన్నావు," అన్నాడు. డాగ్మర్, "పోశావుగా," అంది. మూడో రోజు అతను నల్లటి రై రొట్టె మీద వెన్న, చల్లారిన బంగాళాదుంప బిళ్లలు పెట్టి రెండు ముక్కలు తెచ్చాడు. ఒకటి ఆమెకిచ్చాడు. ఆ దుంపలు ఎవరో కుర్ర జంట తోటవి. ఈ ఏడు పలక మీద పేరు వాళ్లది.

మంట రోజు మధ్యాహ్నానికి బోదె పిండిలా అయింది. ముడతలు పడ్డ తల్లిదుంపలు ఒక పక్క, గోలీకాయల్లాంటి పిల్లలు ఒక పక్క పేర్చారు. డాగ్మర్ లెక్కపెట్టింది. పదకొండు తల్లులు. మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే.

"పన్నెండోదేది?"

టోర్కిల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నాటింది పదకొండే."

"పన్నెండోదేదీ?"

"వాల్బోర్గ్‌కిచ్చా. పుట్టినరోజుకి. మంచి తొందర రకం, ఎవరికీ చెప్పకని..."

డాగ్మర్ చేతిలోని జల్లెడ కింద పెట్టి, తోటల వరస చివరిదాకా దాదాపు పరుగెత్తింది. వాల్బోర్గ్ గుడిసె వెనక్కి వెళ్లి ఆగిపోయింది. అక్కడ తెల్ల రంగు పాలబకెట్టు. అందులోంచి లేచిన తీగ వాన గొట్టం పట్టుకుని పైకప్పు దాకా పోయింది. నిండా పసుప్పచ్చటి పూలు. పక్కన కుర్చీలో వాల్బోర్గ్, ఒళ్లో కాఫీ కప్పు. పట్టుబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో డాగ్మర్ ఆ వారంలో చూడడం అది రెండోసారి.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" అంది డాగ్మర్. వాల్బోర్గ్ తనను అడిగిన గొంతుతోనే అడిగింది.

"చేతిలో పెట్టిన రోజే. గోరుతో గిచ్చి చూశా. డెబ్భై ఏళ్లుగా దుంపలు నాటుతున్నా, నాకు తెలీదా?"

"పారేయలేదేం?"

"పారేద్దామనే తీశా. మొలక వచ్చుంది. ఎంతవరకు పెరుగుతుందో చూద్దామనిపించింది." వాల్బోర్గ్ గోడకి ఆనించిన కొలకర్ర వైపు చూసింది. కర్ర పొడవునా పెన్సిల్ గీతలు, పక్కన తేదీలు. "పొద్దున లేవగానే కొలుస్తున్నా. నిన్న పదిహేడు సెంటీమీటర్లు పెరిగింది. ఇంతకాలం కంచెలు ఎక్కువ పెరిగాయని కొలిచాను డాగ్మర్. పెరిగితే సంతోషించే కొలత నా జీవితంలో ఇదే మొదలు."

డాగ్మర్‌కి ఒక సంగతి తట్టింది. "బకెట్టు అడుగున కన్నం ఉందా?"

డాగ్మర్ బకెట్టు పట్టుకుని ఎత్తింది. అడుగు కన్నంలోంచి తెల్లటి వేళ్లు రెండు నేలలోకి దిగి ఉన్నాయి.

ఈ మూడు నెలల్లో ఇంతకంటే మంచి అవకాశం ఆమెకు దొరకలేదు. ఒక్క మాటతో సంఘమంతా ఇటు పరుగెత్తుకొస్తుంది. నలభై ఎనిమిదేళ్ల మచ్చలేని పేరు ఈ సాయంత్రం మంటలో కాలిపోతుంది. తన తోట గురించి ఇక ఎవరూ మాట్లాడరు. ఎంతో సంబరపడాల్సిన డాగ్మర్, వాల్బోర్గ్ చేతిలో కాఫీ కప్పు సాసరు మీద టకటక కొట్టుకోవడం విన్నది. అంతే, ఆ ముసలావిడ మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"పార ఎక్కడ పెట్టావ్?" అంది.

గంటసేపు తవ్వింది. రెండు వేళ్లనీ కొసల దాకా తీసింది. వాటికి పట్టిన బఠాణీ గింజంత దుంపల్ని కూడా ఏరి జేబులో వేసుకుంది. తన గుడిసెకి వెళ్లి మిగిలిపోయిన రాగి జల్లెడ ముక్క తెచ్చి కన్నానికి బిగించింది. బకెట్టును మట్టి మీద కాకుండా రాతి పలక మీద పెట్టింది.

"ప్రతి శనివారం ఎత్తి చూడు," అంది.

"మరి బల్ల మీద పన్నెండు కావాలి కదా. నాది కూడా ఆ లెక్కలోదేనని అప్పుడు తట్టలేదు," అంది వాల్బోర్గ్ చిన్న గొంతుతో.

"పదకొండు మావి. పన్నెండోది నా తొట్టిలోంచి తవ్వి తెస్తా. దుంపకి పేరు రాసుంటుందా?"

"అది మోసం డాగ్మర్."

"అవును."

వాల్బోర్గ్ కాఫీ కప్పు కింద పెట్టింది. "ముడతలు పడ్డది చూసి తీసుకురా," అంది.

సాయంత్రం మంట పేర్చారు, జెండాలు ఎగరేశారు, అందరూ పొడుగు బల్ల చుట్టూ మూగారు. వాల్బోర్గ్ కళ్లద్దాలు పెట్టుకుని అందరి ముందూ దుంపల్ని ఒక్కొక్కటే పట్టుకుని లెక్కపెట్టింది. పది, పదకొండు. టోర్కిల్ బల్ల మీదికి వంగాడు.

"పన్నెండు," అంది వాల్బోర్గ్. గొంతు ఇసుమంత కూడా వణకలేదు.

టోర్కిల్ కళ్లు దుంపల మీదికీ, వాల్బోర్గ్ మీదికీ, డాగ్మర్ మీదికీ రెండుసార్లు తిరిగాయి. నోరు తెరిచాడు.

"అధ్యక్షా, లెక్క మీద అభ్యంతరమా?" అంది వాల్బోర్గ్ కళ్లద్దాల పైనుంచి చూస్తూ.

నోరు మూసుకుపోయింది. "లేదు," అన్నాడు.

"అయితే హెచ్చరిక లేదు. రాసుకుంటున్నా." రాసి, పుస్తకం మూసింది. దుంపలన్నిటినీ మంటలో పడేయించింది.

డాగ్మర్ బల్ల అంచు పట్టుకుంది. తోట తనదే. నీలం కిటికీలు తనవే. వాల్బోర్గ్ కాఫీ జగ్గు పట్టుకుని అందరికీ పోస్తూ వచ్చింది. డాగ్మర్ కప్పు నింపుతూ, పక్కవాళ్లకి వినపడకుండా ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఇప్పుడే కొలిచి వచ్చా. ఇవాళ పంతొమ్మిది."